స్లైడ్ల మీద వేదిక, బ్యాచ్, వెర్షన్ వాటంతట అవే పడాలంటే ఎలా?

మద్దిలపాలెంలో చెప్పిన పాఠాన్నే వారం తిరక్కుండా గాజువాకలో చెప్పాల్సి వచ్చింది. స్లైడ్ల అడుగున మాత్రం మద్దిలపాలెం అనే ఉండిపోయింది. ముందు బెంచీ కుర్రాడు "సార్, మనం గాజువాకలో ఉన్నాం" అన్నాడు. నలభై స్లైడ్లు ఒక్కొక్కటే దిద్దుకునే కంటే, వాటిని తయారుచేసే ఎక్స్‌పోర్టర్‌కే ఆ పని అప్పజెప్పడం నయం.

నేను వాడేది పాండాక్. జాన్ మెక్‌ఫార్లేన్ అనే తత్త్వశాస్త్ర ప్రొఫెసర్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో శీర్షికలూ జాబితాలూ చూపే పద్ధతిలో, రాసుకున్న పాఠాన్ని బ్రౌజర్లో తెరుచుకునే రివీల్‌జేఎస్ స్లైడ్లుగా మారుస్తుంది. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

1. మీ ఫైల్ మొదట్లో, మూడేసి హైఫన్లున్న రెండు వరసల మధ్య టైటిల్, ఆథర్, డేట్ ఉంటాయి. వాటి కిందే వెన్యూ, బ్యాచ్, వెర్షన్ చేర్చండి. పేరు, కోలన్, ఖాళీ, ఆపైన విలువ. విలువలో మళ్లీ కోలన్, దాని వెంట ఖాళీ వస్తే మొత్తాన్ని కోట్స్‌లో పెట్టాలి.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ చేస్తే స్లైడ్లో ఏమీ మారదు, ఎర్రరూ రాదు. పాండాక్ ఆ విలువలు చదివి తన దగ్గర ఉంచుకుంటుంది, టెంప్లేట్ (స్లైడ్లలో ఏది ఎక్కడ రావాలో చెప్పే అచ్చు ఫైల్) అడిగితేనే బయటపెడుతుంది. నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నది ఇక్కడే.

2. టెర్మినల్లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, పాండాక్, హైఫన్ కాపిటల్ డి, రివీల్‌జేఎస్ అని కొడితే డీఫాల్ట్ టెంప్లేట్ వస్తుంది. దాన్ని ఒక ఫైల్లో సేవ్ చేసుకోండి. చిన్న డి కొట్టకండి, అది వేరే ఆప్షన్.

3. ఆ ఫైల్లో టైటిల్ స్లైడ్ సెక్షన్ వెతకండి. తేదీకి మూడు లైన్లుంటాయి: డేట్ ఉంటేనే అనే షరతు, తేదీని చూపే పేరా, షరతు ముగింపు. పేర్లన్నీ డాలర్ గుర్తుల మధ్య ఉంటాయి. ఆ మూడు లైన్లూ కాపీ చేసి, డేట్ ఉన్నచోటల్లా వెన్యూ అని మార్చండి, పేరాలో దాని ముందు "వేదిక:" అని చేర్చండి. బ్యాచ్, వెర్షన్‌లకూ ఇలాగే. షరతు బరువనిపించి తీసేశారో, వేదిక రాయని రోజున "వేదిక:" అన్న మాటొక్కటే తెర మీద దిక్కులు చూస్తుంటుంది.

4. ప్రతి స్లైడ్ మీదా కనిపించాలంటే రివీల్ అనే డివ్ (హెచ్‌టీఎంఎల్‌లో పెట్టె లాంటి భాగం) లోపల, స్లైడ్స్ డివ్‌కు బయట ఇంకో చిన్న డివ్ పెట్టి, అందులో ఆ పేర్లను డాలర్ గుర్తుల మధ్య రాసి, సీఎస్ఎస్‌లో (రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) దాని పొజిషన్ ఫిక్స్‌డ్ చేయండి. ఎడమ అడుగు మూల మంచిది, కుడి వైపు బాణాలుంటాయి.

5. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైఫన్ టి రివీల్‌జేఎస్‌తో పాటు, రెండు హైఫన్లు, టెంప్లేట్, ఈక్వల్ టు, మీ ఫైల్ పేరు ఇవ్వండి. రేపు క్లాసు ఎంవీపీ కాలనీలోనా? పాఠం ఫైల్ ముట్టుకోనక్కర్లేదు. హైఫన్ కాపిటల్ ఎం, వెన్యూ ఈక్వల్ టు, కోట్స్‌లో ఎంవీపీ కాలనీ (మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి కోట్స్ తప్పనిసరి) అని కమాండ్లోనే ఇస్తే, ఫైల్లో ఉన్నదాన్ని పక్కన పెట్టి దీన్నే వాడుతుంది.

పవర్‌పాయింట్ ఫైల్ కావాలంటే ఈ టెంప్లేట్ పనికిరాదు. మీరు చేర్చిన పేర్లు ఫైల్ ప్రాపర్టీస్‌లో కస్టమ్ జాబితాలోకి వెళ్తాయి, స్లైడ్ మీద కనపడవు.

పాండాక్ కొత్త వెర్షన్ వేసుకున్నాక స్లైడ్లు తేడాగా వస్తే రెండో మెట్టు దగ్గర మళ్లీ మొదలుపెట్టండి, పాత టెంప్లేట్ దానికి సరిపడకపోవచ్చు. బయలుదేరే ముందు ఎంబెడ్ రిసోర్సెస్ ఆప్షన్‌తో ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఫైల్ బరువెక్కుతుంది కానీ నెట్ లేని హాల్లోనూ తెరుచుకుంటుంది.