ఆయుధపూజ సెలవులకు ముందు రౌటర్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆయుధపూజనాడు సర్వర్ రూములో ర్యాకుకు పసుపు కుంకుమ పెట్టి, వాకిట్లో బూడిదగుమ్మడికాయ కొట్టి, ఆ రాత్రికే ఆనందరావు సర్కిల్‌లో కర్నూలు బస్సో తిరుపతి బస్సో ఎక్కే నెట్‌వర్క్ ఉద్యోగులు మన తెలుగువాళ్లలో బెంగళూరు నిండా ఉన్నారు. ఊరికి వెళ్లే ముందు వారు చూసుకోవలసిన సంగతులు ఇవి.

2023లో శరన్నవరాత్రుల రెండో రోజైన అక్టోబరు 16న, తన రౌటర్లను, స్విచ్‌లను నడిపే ఐఓఎస్ ఎక్స్‌ఈ సాఫ్ట్‌వేర్ వెబ్ యూఐలోని (బ్రౌజరులో తెరిచి పరికరాన్ని నిర్వహించే పేజీలోని) సీవీఈ-2023-20198 అనే లోపాన్ని సిస్కో వెల్లడించింది. దాని తీవ్రత 10కి 10. పాస్‌వర్డుతో పని లేకుండా ఎవరైనా బయటినుంచి లెవెల్ 15 ఖాతా, అంటే పరికరం మీద పూర్తి అధికారమున్న ఖాతా, సృష్టించుకోగలిగేవారు. సరిచేసిన వెర్షన్లు 22వ తేదీ నుంచి గాని రాలేదు కనుక, అంతవరకు వెబ్ యూఐని మూసేయడమే దారి అయింది. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చేదాకా ఆగుదామనుకోవడం ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసింది.

అందువల్ల వెబ్ యూఐ అవసరం లేని ప్రతి పరికరంలోనూ ‘నో ఐపీ హెచ్‌టీటీపీ సర్వర్’, ‘నో ఐపీ హెచ్‌టీటీపీ సెక్యూర్-సర్వర్’ అనే రెండు కమాండ్లనూ ఇవ్వాలి. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపోతే తలుపు సగం తెరిచి ఉన్నట్టే. ఆ తరువాత మార్పులను సేవ్ చేసే ‘రైట్ మెమరీ’ కమాండ్ తప్పనిసరి, ఎందుకంటే సెలవుల్లో కరెంటు పోయి రౌటర్ మళ్లీ లేచినప్పుడు సేవ్ చేయని మార్పు ఉండదు. వెబ్ యూఐ తప్పదనుకుంటే మేనేజ్‌మెంట్ వీలాన్ (పరికరాల నిర్వహణకు విడిగా ఉంచిన నెట్‌వర్క్ భాగం) ఐపీలకు మాత్రమే ఏసీఎల్‌తో, అంటే ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితాతో, అనుమతి ఇవ్వాలి.

ఎవరైనా ఇప్పటికే లోపలికి వచ్చారా అన్నది చూడటానికి కాస్త ఓపిక కావాలి. లాగ్‌లో ‘కాన్ఫిగర్డ్ ప్రోగ్రమాటికల్లీ’ అన్న మాటలున్న వరుస వెబ్ యూఐ వాడిన ప్రతిసారీ పడుతుంది కాబట్టి అది కనబడగానే కంగారు పడనక్కరలేదు. ఆ వరుసలో ఉన్న యూజర్‌నేమ్ మీ బృందంలోనిదేనా అన్నదే ముఖ్యం. 2023లో ఆ లోపాన్ని వాడుకుని జరిగిన దాడిలో ‘సిస్కో_ట్యాక్_అడ్మిన్’, ‘సిస్కో_సపోర్ట్’ వంటి, చూడగానే నమ్మబుద్ధేసే పేర్లు పెట్టారు. లాగ్‌లను రౌటర్ బఫర్‌కే (తాత్కాలిక మెమరీకే) వదిలేయకుండా లాగ్‌లను దాచే వేరే సిస్‌లాగ్ సర్వర్‌కు పంపించి, కొత్త ఖాతా పుట్టగానే నగరంలో ఉండిపోయిన మనిషి ఫోనుకు అలర్ట్ వెళ్లేలా చూడండి.

అనుమానం రాగానే రీబూట్ చేయకండి. దాడిచేసినవారు పెట్టిన ఇంప్లాంట్ (పరికరంలో దాచిన హానికర ప్రోగ్రామ్) రీబూట్‌తో పోయేది గాని, వారి ఖాతాలు మాత్రం నిలిచే ఉండేవి. అంటే పోయేది సాక్ష్యమే, ముప్పు కాదు. పైగా కొద్ది రోజులకే వారు ఇంప్లాంట్‌ను మార్చడంతో బయటినుంచి చేసే పరీక్షకు అది జవాబివ్వడం మానేసింది కనుక, స్కాన్‌లో ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండరాదు. ముందు లాగ్‌లు, కాన్ఫిగ్ కాపీలు తీసి భద్రపరచి, ఆపైన తెలియని ఖాతాలను తొలగించి, సరిచేసిన వెర్షన్ ఎక్కించి, పాస్‌వర్డులు, కీలు, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ స్ట్రింగులు (పరికరాలను దూరంనుంచి గమనించడానికి వాడే రహస్య పదాలు) అన్నీ మార్చాలి.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటలలోపు నివేదించాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. కర్నూలు బస్సు దిగేలోపే ఆ గడువు దాటిపోవచ్చు. కాబట్టి నివేదిక పంపే అధికారం ఎవరిదో, కన్సోల్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుందో బయలుదేరే ముందే కాగితం మీద రాసి, నగరంలో ఉండిపోయే సహోద్యోగి చేతికి ఇవ్వండి.