మనవాళ్ళే కదా అనుకునే కొండ ఊళ్ళకు: 2021 సంక్రాంతి ముందు కరోనా జాగ్రత్తలు

ఇది 2020 చివర, విశాఖ ఏజెన్సీ (అప్పటి విశాఖ జిల్లాలోని గిరిజన ప్రాంతం) కొండ ఊళ్ళ కోసం రాసింది. "ఇప్పుడు", "ఈ ఏడు" అన్నచోటల్లా ఆ రోజులే. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో తోరంగ్ అని ఒక చిన్న ఊరు. మంచు పడే కాలానికి చాలా కుటుంబాలు కుల్లూ వైపు దిగిపోతాయి. 2020 నవంబరులో ఊళ్ళో మిగిలింది 42 మంది. పరీక్షలు చేస్తే అందులో 41 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. అంతకు కొద్ది రోజుల ముందే ఊరంతా ఒక పూజకు కూడింది. తప్పించుకున్న ఆ ఒక్కడూ ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. అదే ఇంట్లో వేరే గదిలో ఉండి, తన వంట తాను చేసుకున్నాడు. ఇంట్లో మిగతావాళ్ళందరికీ సోకింది.

వార్త వినగానే అనుమానం టూరిస్టుల మీదకు పోతుంది. విశాఖ ఏజెన్సీలో ఇప్పుడు లంబసింగి, వంజంగి సీజన్ కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. కానీ తోరంగ్‌లో జబ్బు ఇల్లిల్లూ తిరిగింది టూరిస్టుల వల్ల కాదు, ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళ మధ్య. మాస్కు, సబ్బు, ఆరడుగుల దూరం గురించి ఇక్కడ చెప్పడం లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ అవతలివాళ్ళు ఎత్తేలోపు అదే వినిపిస్తోంది. ఇక్కడ చెప్పేది ఊళ్ళను ముంచుతున్న ఒకే ఒక్క మాట గురించి: "మనవాళ్ళే కదా."

పొలిమేర కట్టి లోపల కలిసిపోవడం

మార్చి, ఏప్రిల్ నెలల్లో పొలిమేరల్లో దుంగలు, ముళ్ళకంపలు అడ్డం వేశారు. అప్పుడు అది పనిచేసింది. బస్సులు లేవు, సంతలు లేవు, పట్నంలో పనులూ లేవు. ఇప్పుడు అన్నీ తెరుచుకున్నాయి. 2020 ఆగస్టు నుంచి రాకపోకలకు పాస్ కూడా అక్కర్లేదు కాబట్టి రోడ్డుకు అడ్డం వేసే హక్కు ఊరికి లేదు. వేస్తే ముందు ఆగేది 108 బండి. దుంగ వేశాం కదా అన్న ధైర్యంతో లోపల మాస్కులు తీసేసి ఒకే నెగడు చుట్టూ కూర్చుంటారు, అసలు నష్టం అక్కడ.

పొలిమేర దాటి లోపలికి వచ్చేవాళ్ళెవరో ఒక్కసారి లెక్క వేసుకోండి. విశాఖలో సెంట్రింగ్ పనికి పోయిన కుర్రాడు. హాస్టల్ నుంచి వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లలు. సంత చేసుకుని సాయంత్రం జీపులో పదిహేను మందితో ఇరుక్కుని వచ్చిన మనమే. ఒకటో తారీకున ముసలివాళ్ళందరి గడపా తొక్కే పింఛను వలంటీరు. అందరూ మనవాళ్ళే. టూరిస్టు రోడ్డు పక్కన టీ తాగి పోతాడు. మనవాడు వచ్చి అవ్వ పక్కన పడుకుంటాడు.

బయటినుంచి వచ్చే మనవాళ్ళకు

భోగి జనవరి 13న. పండుగకు వచ్చేవాళ్ళు డిసెంబరు 30 లోపు ఊరు చేరాలి. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 14 రోజుల వరకూ పట్టొచ్చు, అందుకే ఆ తేదీ. ఆలస్యంగా వచ్చేవాళ్ళను తరిమేయనక్కర్లేదు. వాళ్ళు ధింసా (మన కొండ ఊళ్ళ నాట్యం) ఆటలోకి, ముసలివాళ్ళున్న గదిలోకి రాకుండా ఉంటే చాలు.

వచ్చిన రోజు ర్యాపిడ్ పరీక్షలో నెగిటివ్ వచ్చిందని కలిపేసుకోవద్దు. సోకిన తొలి రోజుల్లో ఏ పరీక్షకైనా దొరక్కపోవచ్చు. దగ్గు, జ్వరం ఉండి ర్యాపిడ్‌లో నెగిటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించి తీరాలి.

వచ్చినవాళ్ళను ఈ చలిలో పొలంలో మంచె మీద పడుకోబెట్టకండి. తలుపు వీధివైపు తెరుచుకునే గదో, బడి గదో ఇవ్వండి. అన్నం అడ్డాకుల విస్తరిలో గడప బయట పెట్టండి, తిన్నాక ఆకు వాళ్ళే కాల్చేయాలి. జ్వరం లేదు కదా అని ఐదో రోజున బయటికి పిలవకండి. లక్షణాలు బయటపడటానికి రెండు రోజుల ముందు నుంచే అంటించగలరు.

ధింసా, విందు, పూజ

కేంద్రం 2020 రూలు ప్రకారం మూసిన హాలులో అది పట్టే జనంలో సగం వరకూ, 200 మించకుండా చేరవచ్చు. ఆ రూలు హాళ్ళకు రాసింది. పెంకుటింట్లో పొయ్యి చుట్టూ, చలికి తలుపులు బిగించుకుని కూర్చున్న పన్నెండు మందికి అది వర్తించదు, అక్కడ పన్నెండు మంది కూడా ఎక్కువే. ఏదైనా ఆరుబయట, పగటిపూట చేయండి.

పండుగ మానేయమని ఎవరూ అనడం లేదు. ధింసాలో అన్నీ ఒకటి కావు. బోడ ధింసాలో వరుసగా నిలబడి ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేస్తారు. కుండ ధింసాలో భుజాలతో తోసుకుంటారు. ఈ రెండూ ఈ ఏడు పక్కన పెట్టండి. నాటికారి ఒంటిగా ఆడేది, దాన్ని ఉంచుకోవచ్చు. ఏది ఉంచాలో, ఏది ఆపాలో ఊరి పెద్దలే చెప్పాలి, కుర్రాళ్ళు కాదు. కలెక్టరు ఆర్డరులో ధింసా రకాలు ఉండవు.

అన్నిటికంటే ప్రమాదం సంకిడి కెల్బార్. ఒక ఊరి ఆటబృందం ఇంకో ఊరికి పోవడం, అక్కడ రాత్రంతా ఆట, కలిసి భోజనం, ఊళ్ళ మధ్య స్నేహం. ఒక ఊళ్ళో ఆగాల్సిన జబ్బును అయిదు ఊళ్ళకు చేర్చడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఈ ఏడు కబురు పంపి ఆపేయండి. "మా సంబంధాలవాళ్ళే కదా, ఏమనుకుంటారో" అని మొహమాటపడే ఊరే ముందు పడిపోతుంది. కబురు ఇప్పుడే పంపాలి. వాళ్ళు బయలుదేరాక ఆపితే నిజంగానే తగువవుతుంది.

జీలుగు కల్లు ఒకే బుర్రతో తిప్పకండి. ఎవరి డోకి (తాగే బుర్ర) వారిదే. నోట్లోంచి నోట్లోకి పోయే చుట్ట కూడా అంతే.

జబ్బు చేస్తే ముందు దిసారి (ముహూర్తాలు చెప్పి, మూలికల వైద్యం చేసే ఊరి పెద్ద) దగ్గరికే పోతారు. పోవద్దంటే వినరు కూడా. అందుకే ఊళ్ళో అందరికంటే ముందు సోకే మనిషి, ముంచే మనిషి ఆయనే కావచ్చు. వాకిట్లో చూడమనండి, గదిలో కాదు. చూసే ఆయనకూ, చూపించుకునేవారికీ మాస్కు ఉండాలి. ఆయనకు తెలిసిన ముహూర్తాల లెక్క, మూలికల పేర్లు ఇంకెవరికైనా నేర్పారా అని ఇప్పుడే అడగండి.

ముసలివాళ్ళ నోట ఉన్నవి

గదబ, పోర్జ తెగల పాటలు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు. పాడగలిగినవాళ్ళు ఎక్కువగా ముసలివాళ్ళు. జబ్బు ఎక్కువగా చంపుతున్నదీ ఆ వయసువాళ్ళనే. అందుకని రికార్డు చేద్దామని పట్నం నుంచి కెమెరాలతో నలుగురు దిగడం, అవ్వను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ మూగడం అన్నిటికంటే చెడ్డ పని.

రికార్డు చేసేది ఆ ఇంట్లోనే ఉంటున్న మనవడో మనవరాలో అయి ఉండాలి. అరుగు మీద, గాలి హోరు ఫోన్‌లో పడని వైపు కూర్చోండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో ఉంచండి. మైకు రంధ్రం మీద వేలు పడితే అంతా పోతుంది, ముందు అర నిమిషం తీసి వినండి. ఒక్కో పాట ఒక్కో ఫైలుగా, పది పదిహేను నిమిషాలకు ఆపి విశ్రాంతి ఇవ్వండి. పాట మొదట్లోనే పాడేవారి పేరు, ఊరు, తేదీ, ఏ పండుగకు ఏ పనికి పాడతారో వాళ్ళ నోటితోనే చెప్పించండి. తెలుగులోకి మార్చి చెప్పమనకండి, తర్జుమా తర్వాతైనా చేసుకోవచ్చు. పూజలో తప్ప పాడకూడనివి ఉంటాయి. వాటిని వాట్సాప్‌లో పెట్టకూడదు, అడిగి తెలుసుకోండి. ఆ సాయంత్రమే మెమరీ కార్డులో ఒక కాపీ, ఇంకో ఇంట్లోని ఫోన్‌లో ఒక కాపీ పెట్టండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి.

ఇక మిగతావి, వరుసగా

తుడుము, డప్పుల మీద శానిటైజర్ కొట్టకండి, తోలు ఎండి పగులుతుంది. ఇత్తడి కొమ్ములకు బ్లీచింగ్ నీళ్ళు తగలనివ్వకండి. సోకినవాళ్ళు ముట్టుకున్న వాయిద్యాన్ని పొడిగా, గాలి ఆడేచోట వారం ముట్టకుండా వదిలేస్తే చాలు, వైరస్ దానంతట అది చస్తుంది.

ఒక కొమ్ము ఒకరే ఊదాలి.

శానిటైజర్ చేతులతో నెగడు దగ్గరికి పోకండి. అది స్పిరిట్, అంటుకుంటుంది.

మనుషుల మీద బ్లీచింగ్ చల్లకండి. పట్నం నుంచి వచ్చినవాళ్ళ మీద కూడా.

జ్వరం వస్తే మలేరియా, కరోనా రెండు పరీక్షలూ చేయించండి. ఇక్కడ జ్వరమంటే మలేరియా అనుకోవడం అలవాటు. ఒకటి ఉందని తేలితే రెండోది లేదని కాదు.

ఊరికొక పల్స్ ఆక్సీమీటరు (వేలికి పెడితే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపేది) కొనండి. చల్లటి వేలికి పెడితే తప్పుడు అంకె చూపిస్తుంది. చెయ్యి రుద్ది వెచ్చబడ్డాక పెట్టి, అంకె నిలకడగా ఆగాక చదవండి. 94 కంటే తగ్గినా, నిమిషానికి ఊపిరి 24కు చేరినా ఆసుపత్రికి. ఆరు నిమిషాలు నడిపించాక ఆక్సీమీటరు అంకె మూడు తగ్గినా ఆసుపత్రికే.

తెల్లారాక చూద్దాం అనకండి. పాడేరు నుంచి విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రి వంద కిలోమీటర్ల పైన. ఘాట్‌లో పొగమంచు పట్టాక బండి నడవదు. అంకె తగ్గుతుంటే పొద్దుండగానే దించండి.

సిగ్నలు ఏ కొండ మీద దొరుకుతుందో, రాత్రి అక్కడికి ఎవరు ఎక్కుతారో ముందే పేరు పెట్టుకోండి. 108కు ఊరి పేరుతో పాటు రోడ్డు ఎక్కడిదాకా ఉందో చెప్పండి. అక్కడిదాకా డోలీ మోసే నలుగురినీ, మార్చుకునే ఇంకో నలుగురినీ ఇప్పుడే అనుకోండి. మోసేవాళ్ళకూ రోగికీ మాస్కు ఉండాలి.

జ్వరం రాగానే డెక్సామెథసోన్ (స్టెరాయిడ్ మందు) సూది వేయించుకోకండి. ఆక్సిజన్ బాగున్నవాళ్ళకు అది మేలు చేయదు, కీడు చేయొచ్చు.

దగ్గు దాచొద్దు. దగ్గినవాళ్ళను వెలివేయొద్దు. వెలివేస్తే రెండోవాడు దాస్తాడు.

జీపులో టాపు మీద గాలి ఉందని ఎక్కొద్దు, పడతారు. తెరలు ఎత్తించి కూర్చోండి.

గుడిపాకలోకి పూజారి ఒక్కరే.

పింఛను వాకిట్లోనే తీసుకోండి.

చావు జరిగితే పక్క ఊళ్ళకు కబురు ఫోన్‌లోనే. దినాలకు కూడా ఇంటివాళ్ళే. ఇక్కడే అందరూ తప్పుతారు. పండుగ ఆపగలిగిన ఊరు చావు దగ్గర "మనవాళ్ళే కదా" అని రెండు వందల మందికి అన్నం పెడుతుంది.

ముక్కనుమ జనవరి 16. అక్కడినుంచి 14 రోజులు, అంటే 30వ తేదీ దాకా, ముసలివాళ్ళను సంతకు పంపకండి. ఇంటింటా ఎవరికి దగ్గు, ఎవరికి జ్వరం అని రోజూ ఒకరు వాకిలి బయట నిలబడి అడగాలి.