ఇంటి పక్కన రేకుల షెడ్డు వేస్తున్నారా? ముందు టేపు పట్టి కొలవండి

"రేకులే కదా సార్, దీనికి పర్మిషన్ ఏంటి" అని వెల్డింగ్ షాపాయన అంటాడు, మేస్త్రీ తలూపుతాడు, ఎదురింటివాళ్లు ఎప్పుడో వేసుకుని హాయిగా ఉంటారు కాబట్టి మనకూ ధైర్యం వచ్చేస్తుంది. తెలంగాణ పట్టణాల్లో మాత్రం ఈ లెక్క కుదరదు. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం ప్రకారం భవనం అంటే అందులో షెడ్డు, గుడిసె, గోడ కూడా వస్తాయి, ఇటుకతో కట్టినా, కర్రతో కట్టినా, ఇనుముతో కట్టినా ఒకటే. నట్లూ బోల్టులూ విప్పేస్తే పోతుంది కదా అంటే ఎవరూ వినరు, ఆఫీసువాళ్లు చూసేది అది ఎక్కడ ఉందన్నదే.

అందుకని ముందు శాంక్షన్ ప్లాను, అంటే మున్సిపాలిటీ ఆమోదించిన ఇంటి నక్షా, బయటికి తీయండి. కట్టిన ఇల్లు కొనుక్కున్నవాళ్ల దగ్గర చాలాసార్లు అది ఉండదు, అమ్మినవాళ్లను అడగండి, లోన్ తీసుకుని ఉంటే బ్యాంకు ఫైల్లో కాపీ ఉండొచ్చు. దాంట్లో ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, గీతలు గీసి ఉంటుంది. ఆ గీతకీ కాంపౌండ్ గోడకీ మధ్య మీరు ఏం పెట్టాలన్నా భవన నిర్మాణ నిబంధనలు చెప్పే 2012 నాటి జీవో 168 ఒప్పుకోవాలి.

ఆ జీవోలో కారు షెడ్డుకు దారి ఉంది. ఇంటి వెనకో పక్కనో ఉన్న ఖాళీలో వేసుకోవచ్చు, కానీ ప్లాటు వెడల్పులో నాలుగో వంతు దాటకూడదు, ఎత్తు 2.5 మీటర్లు మించకూడదు, సరిహద్దు నుంచి కనీసం 1 మీటరు వదలాలి. చదవగానే బాగానే ఉందే అనిపిస్తుంది. ఇప్పుడు మనలో చాలామందికి ఉండే 200 గజాల ప్లాటు తీసుకోండి, 30 అడుగుల వెడల్పు, 60 పొడవు. నాలుగో వంతు అంటే ఏడున్నర అడుగులు. సరిహద్దు నుంచి వదలాల్సిన మీటరు ఇంకో మూడుంపావు అడుగులు. అంటే ఆ షెడ్డు పూర్తి వెడల్పులో రావాలంటే గోడకీ ఇంటికీ మధ్య దాదాపు 11 అడుగులు ఉండాలి. ఆ సైజు ప్లాటుకు పక్కల వదిలేదే 1 మీటరు! ఆ మీటరూ షెడ్డుకీ గోడకీ మధ్యే పోతే ఇక షెడ్డు నిలబడేది ఎక్కడ? కాగితం మీద రూల్ ఉన్నా చిన్న ప్లాటువాళ్లకు అది పనికిరాదు, పెద్ద ప్లాట్లలో ఖాళీ ఎక్కువ వదిలినవాళ్లకే. కారుకు నీడ కావాలంటే ముందువైపు పోర్టికో ఆలోచించండి, దాని పైకి ఎక్కే దారి పెట్టనంత వరకు ముందు ఖాళీలోనూ ఒప్పుకుంటారు. కిటికీల మీద సన్‌షేడ్ 60 సెంటీమీటర్ల వరకు ఖాళీలోకి రావచ్చు. బాల్కనీ మాత్రం రాకూడదు, ఖాళీని బాల్కనీ అంచు నుంచి కొలుస్తారు.

డాబా మీద సంగతి వేరే. మెట్ల గది, లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు భవనం ఎత్తులో లెక్కలోకి రావు, అందుకే మెట్ల గదిని కాస్త పెంచి, పక్కన ఒక బాత్రూమ్ పెట్టి, అద్దెకిచ్చేసే తెలివి మన ఊళ్లలో ఎక్కువ. అది గది అయిపోయాక అదనపు అంతస్తుగానే చూస్తారు. బట్టలారేయడానికి చుట్టూ గోడల్లేకుండా నాలుగు పైపుల మీద రేకు వేసుకున్నా అడిగి వేయడమే మంచిది, పైగా కరెంటు తీగలు చూసుకోండి. 11 కేవీ లైను పక్కగా వెళ్తుంటే అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, రేకుల మీదుగా వెళ్తుంటే 3.7 మీటర్లు దూరం ఉండాలి. రేకుల పని చేసే కుర్రాడు పొడుగాటి ఇనుప పైపు పైకెత్తుతాడు, దాన్ని తలుచుకుంటే నాకు జీవో కంటే ఇదే ఎక్కువ టెన్షన్.

చెరువు దగ్గరైతే షెడ్డు మాట మర్చిపోండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీ వదలాల్సిందే.

పర్మిషన్ ఎలా అంటారా. ఇళ్ల అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం కింద 75 గజాల్లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టడానికి 1 రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, 600 గజాలు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. వెంటనే వచ్చింది కదా అని ఏదో ఒకటి నింపేయకండి, తప్పుడు వివరాలు ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. ఇల్లు ఇప్పటికే ఉంటే లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్టుతోనో ఇంజినీరుతోనో ప్లాను మార్పించి, షెడ్డును అందులో చూపించి పెట్టండి. అపార్టుమెంటులో ఉంటే సెల్లారూ టెర్రసూ అందరివీ, అసోసియేషన్ సెక్రటరీ నోటిమాట మీద ఏదీ వేయకండి.

వేసేశాక ఆస్తి పన్ను పడింది కాబట్టి రెగ్యులరైజ్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. సెట్‌బ్యాక్ ఉల్లంఘన 10 శాతం లోపుంటే పన్ను మీద 25 శాతం, దాటితే 50, అనుమతి లేని అంతస్తుకు 100 శాతం జరిమానాగా వసూలు చేస్తారు, అది కడుతున్నా కూల్చే హక్కు వాళ్లకు అలాగే ఉంటుంది. మొదట చెప్పిన 1955 చట్టంలోని సెక్షన్ 452 కింద షోకాజ్ నోటీసు వస్తే మడిచి టీవీ వెనక పెట్టకుండా గడువులోపు రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లయితే 2017 నాటి జీవో 119 వేరేగా ఉంది, పైన చెప్పిన కొలతలు అక్కడ వాడకండి, మీ మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో మీ ప్లాటు సైజూ రోడ్డు వెడల్పూ చెప్పి పట్టిక చూపించమనండి. ఇంకొకటి, షెడ్డు చూరు నీళ్లు మీ స్థలంలోనే పడేలా గట్టర్ పెట్టించండి, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లేది ఎక్కువగా పక్కింటి నుంచే.