కాన్పుకి ముందే రక్తం సిద్ధం చేసుకోవడం ఎలా?

మా ఇంట్లో, చుట్టాలిళ్లలో కలిపి ఆరు కాన్పులకి రక్తం ఏర్పాట్లు నేనే చూశాను. అయినా నొప్పులు మొదలయ్యాక వాట్సాప్‌లో ‘అర్జెంట్, బ్లడ్ కావాలి’ అని పెట్టేవాళ్లు తగ్గడం లేదు. ఆ పని నెల ముందే అయిపోవాలి.

గ్రూపు, హిమోగ్లోబిన్ రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టండి. ఎనిమిదో నెలలో డాక్టరుగారిని ఎన్ని యూనిట్లు అవసరం పడొచ్చో అడగండి. మాయ కిందికి ఉన్నా, రక్తం తక్కువున్నా, గ్రూపు నెగెటివ్ అయినా ఇంకా ముందే అడగాలి. తర్వాత ఆసుపత్రికి రక్తం ఏ బ్లడ్ బ్యాంక్ నుంచి వస్తుందో కనుక్కుని, మనం తెచ్చిన డోనర్ రక్తాన్ని మన పేషెంటుకే కేటాయిస్తారా, లేక దాన్ని బ్యాంక్‌లో జమ చేసుకుని బదులుగా వేరే యూనిట్ ఇస్తారా అని తేల్చుకోండి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకి రక్తం ఉచితం. ఎక్కడైనా సరే, డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవాళ్లని పిలవొద్దు. అది నిషేధం.

డోనర్లు నలుగురు ఉండాలి, ఇద్దరు చాలరు. వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5. రక్తమిచ్చి మగవాళ్లకైతే మూడు నెలలు, ఆడవాళ్లకైతే నాలుగు నెలలు దాటాలి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ‘మొగుడిది అదే గ్రూపు, ఇంకెవరెందుకు?’ అంటారు. భర్త రక్తం భార్యకి ఎక్కించొద్దు. ఆయన ఎర్రకణాల మీద ఉండే కొన్ని పదార్థాలకి ఆమె ఒంట్లో యాంటీబాడీలు తయారవ్వచ్చు. రేపు ఇంకో బిడ్డ కడుపున పడి, తండ్రి నుంచి అవే పదార్థాలు తెచ్చుకుంటే, ఆ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ ఎర్రకణాలని పగలగొడతాయి. క్రాస్ మ్యాచ్ (డోనర్ రక్తం, పేషెంటు రక్తం కలిపి చూసే పరీక్ష) సరిపోయింది కదా అంటే చాలదు. అది ఇప్పుడున్న యాంటీబాడీలనే చూపిస్తుంది, రేపు పుట్టబోయేవాటిని కాదు.

అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల రక్తంలో ఇంకో ప్రమాదం ఉంది. దగ్గరి పోలిక వల్ల వాళ్ల తెల్లకణాలని ఆమె శరీరం పరాయివని గుర్తుపట్టకపోవచ్చు. అవి నిలదొక్కుకుని ఆమె మీదే దాడి చేస్తాయి. చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం. రక్తాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేస్తే ఆపొచ్చు, ఆ యంత్రం అన్ని చోట్లా ఉండదు.

మా చెల్లి రెండో కాన్పుకి ఆమె భర్త చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. బదులుగా ఇవ్వు బాబూ అని బ్యాంక్‌కి ఇప్పించి, చెల్లికి వేరే యూనిట్ తెచ్చాం. సొంతవాళ్ల రక్తమే సురక్షితం అనే మాట నేను ఒప్పుకోను. ఎవరిదైనా హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. పైగా అత్తమామల ముందు కూర్చున్న అల్లుడు మొహమాటపడి తన ఆరోగ్యం గురించి నిజం దాచొచ్చు. స్నేహితులు, ఆఫీసువాళ్లు మేలు.

డేట్‌కి పది రోజుల ముందు రక్తం ఇప్పించండి. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఐదు వారాలు నిలుస్తాయి. ‘అప్పుడే తీసిన రక్తం’ కావాలని పట్టుబట్టొద్దు, పరీక్షలకే గంటలు పడుతుంది. క్రాస్ మ్యాచ్ శాంపిల్ మాత్రం అడ్మిట్ అయ్యాక తాజాగా ఇవ్వాలి. ట్యూబు మీద పేరు, ఐపీ నంబరు (అడ్మిట్ అయినప్పుడు ఆసుపత్రి ఇచ్చే నంబరు) మీరే చదవండి.

కాన్పయ్యాక కూడా ఒక రోజంతా ఆ నలుగురినీ ఫోన్లు ఆన్‌లో ఉంచమనండి. ప్రమాదకరమైన రక్తస్రావం ఎక్కువగా ఆ 24 గంటల్లోనే వస్తుంది.