ఇంటి సమావేశాల్లో నా అమ్మకాలు పెరిగిన తీరు

కావలిలో పరిచయస్తుల ఇళ్లలో పదిమంది స్త్రీలను పిలిపించి వంటింటి డబ్బాలు అమ్మే పని మొదలుపెట్టిన కొత్తలో, అందరూ టీ తాగి, ధరల పట్టీ తిరగేసి, "ఆలోచించి చెబుతాంలే అక్కా" అని లేచి వెళ్లేవారు. నలభై రకాలు చాప మీద పరిచి గంటసేపు నేనే మాట్లాడడం పొరపాటని ఆలస్యంగా గ్రహించాను.

ఇప్పుడు ఆరు డబ్బాలే తీసుకువెళుతున్నాను. ఒకదానిలో ఆ ఇంటి చేపల పులుసే పోయించి, మూత బిగించి, పాత పేపరు మీద తలకిందులు చేయమని ఇంటావిడ చేతికే ఇస్తాను; కాగితం మీద ఒక్క చుక్క కూడా పడకపోవడం చూసి, రోజూ భర్తకు క్యారియర్ కట్టే పక్కింటావిడ తానుగా ధర అడుగుతుంది. జీతాలు వచ్చే మొదటి వారంలో సమావేశం పెట్టుకోవడం కూడా కలిసివచ్చింది.

అన్నిటికంటే మేలు చేసింది వాపసు గురించి ముందే చెప్పడం. 2021 నాటి ప్రత్యక్ష అమ్మకాల (దుకాణం లేకుండా నేరుగా కొనేవారికే అమ్మడం) నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్లకూడదు. ధర, చెల్లింపు, వాపసు షరతులను వివరించాలి. ఇదివరకు వీటిని దాటవేసేదాన్ని. ఇప్పుడు కార్డు చూపించి, షరతులు చదివి వినిపిస్తున్నాను. గత నెలలో పగిలిన మూతను వెంటనే మార్చి ఇచ్చినందుకు, తీసుకున్నావిడ తన వదిన ఇంట్లో తదుపరి సమావేశాన్ని తానే ఏర్పాటు చేసింది.