వేడినీళ్లకు మెత్తబడే ప్లాస్టిక్‌తో మామిడాకుల తోరణం

పాలీమార్ఫ్ లాంటి పేర్లతో దొరికే తెల్లటి గింజలు అసలు పాలీకాప్రోలాక్టోన్ అనే ప్లాస్టిక్. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి గాజులా పారదర్శకంగా మారతాయి, చల్లారితే మళ్లీ తెల్లబడి గట్టిపడతాయి. చెడిపోయిన ఆకును వేడినీళ్లలో పడేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు, సరుకు వృథా పోదు.

10 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉండే ఆకుకు 5 గ్రాములు పడుతుంది. 11 ఆకులకు 60 గ్రాములు తీసుకోండి.

గింజలను 70 డిగ్రీల వేడినీళ్లలో వేసి మెత్తబరచాలి. థర్మామీటర్ లేకపోతే నాలుగు గ్లాసుల మరిగే నీళ్లకు మూడు గ్లాసుల మామూలు నీళ్లు కలపండి, 70 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. వంటకు వాడని స్టీలు గిన్నె తీసుకోండి. పొయ్యి మీదే ఉంచి గింజలు వేస్తే అడుగంటుతాయి. మరిగే నీళ్లలో వేస్తే ముద్ద జిగురుజిగురై వేళ్లకు పట్టుకుంటుంది, చెయ్యీ కాలుతుంది. ముద్దలో ఒక్క తెల్ల చుక్క కనిపించినా ఆగండి. కరగని ఆ గింజ ఆకులో పలుకులా తగులుతుంది. చెంచాతో తీసి, గుడ్డ మీద అద్ది, గట్టిగా పిసికి నీళ్లు పోగొట్టండి. మడతల్లో నీరు చిక్కితే అక్కడ గుంట పడుతుంది.

రంగుకు రెజిన్ పనిలో వాడే పొడి పిగ్మెంట్ చిటికెడు చల్లి, చపాతీ పిండిలా పిసకండి. 60 గ్రాములూ ఒకేసారి కలపాలి. ఆకుకో విడత కలిపారా, పదకొండు ఆకులూ పదకొండు రకాల పచ్చ! ముగ్గు రంగులు మాత్రం వద్దు, వాటిలోని రాతిపొడి గరగరలాడుతుంది.

ఇప్పుడు ముద్దను పదకొండు భాగాలు చేసి, ఒక్కోటీ మళ్లీ వేడిచేసి సిలికాన్ షీటు మీద ఒత్తండి. అటూఇటూ ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి వాటి మీదుగా అప్పడాల కర్ర నడిపితే మందం సమంగా వస్తుంది. అంచు కొద్దిగా మసకబారుతుండగా తడి చేసిన అసలు మామిడాకును, ఈనెలు ఉబ్బి ఉండే వెనకవైపు కిందికి పెట్టి, నడి ఈనె వెంట బొటనవేలితో నొక్కండి. తొందరపడితే ఆకు అంటుకుని చిరుగుతుంది, ఆలస్యమైతే అచ్చు పడదు. మీకు దొరికేది ఒకటి రెండు నిమిషాలే. వెంటనే కత్తెరతో ఆకారం కోసి, కాడ దగ్గర దబ్బనంతో బెజ్జం పెట్టి, పది నిమిషాలు చదునుగా వదిలేయండి. పైన గట్టిపడ్డా లోపల ఇంకా మెత్తగా ఉంటుంది, అప్పుడే వేలాడదీస్తే వంకర తిరుగుతుంది.

కాడ విడిగా అతికించాలంటే రెండు ముక్కలూ వేడిగా, పొడిగా ఉండాలి. తడి ఉంటే అతుకు నిలవదు. అతికే చోటును హెయిర్ డ్రయ్యర్‌తో మెరిసేదాకా వేడిచేసి నొక్కండి.

తోరణాన్ని దీపం సెగ తగిలేచోట కట్టొద్దు, ఎండాకాలంలో మూసిన కారులోనూ పెట్టొద్దు. మిగిలిన నీళ్లు చల్లారాక తుంపులు ఏరి దాచుకోండి. వేడి మీదే సింకులో పారబోస్తే గొట్టంలో గట్టిపడి కూర్చుంటాయి.