సుస్థిర ప్రభుత్వ కొనుగోళ్లు – ఐదో పాఠం: బియ్యానికీ చక్కెరకూ టెండరు షరతులు రాయడం

గత పాఠంలో పెన్న ఒడ్డున, దేవాదాయ శాఖ పరిధిలో ఒక ఆలయం ఉన్నదని ఊహించుకొని, దాని నిత్యాన్నదానానికీ ప్రసాదాల దిట్టానికీ (ఏ ప్రసాదానికి ఏ సరుకు ఎంత అన్న కొలతల పట్టీకి) కలిపి ఏడాదికి 60 టన్నుల బియ్యం, 12 టన్నుల చక్కెర కావాలని లెక్క తేల్చుకున్నాం. ఇప్పుడు ఆ సరుకులకు షరతులు రాయాలి. మామూలుగా పోయిన ఏడాది కాగితాలు తీసి, తేదీలు మార్చి, ‘పర్యావరణహిత సరఫరాకు ప్రాధాన్యం ఇవ్వబడును’ అన్న వాక్యం ఒకటి పైన తగిలించి పంపుతారు. ఆ వాక్యం వల్ల మిల్లరు ఒక్క పనీ మార్చుకోడు. మీరు రాసే ప్రతి షరతుకూ నాలుగు ప్రశ్నలు వేయండి: ఏం కావాలి, దేన్ని రుజువుగా తీసుకుంటాం, ఎప్పుడు చూస్తాం, తప్పితే ఏం చేస్తాం. నాలుగింటికీ జవాబు లేని షరతును కొట్టివేయడమే మేలు.

మొదట గింజ సంగతి. ‘తెల్లని, నూకలేని సన్నబియ్యం’ అని రాయడం రివాజు. ప్రభుత్వ సేకరణ ప్రమాణాల్లో పచ్చి బియ్యానికి నూక 25 శాతం దాకా, తేమ 14 శాతం దాకా అనుమతి ఉంది. పంక్తి భోజనానికి 25 శాతం నూక ఎక్కువే, అన్నం ముద్దకడుతుంది. అలాగని నూకే వద్దంటే మిల్లులో తినదగిన గింజను కూడా పక్కకు తోసి, మరో విడత పాలిష్ పట్టి, ఆ ఖర్చంతా మన ధరలోనే వేస్తారు. ఆ గింజను పండించిన నీరు మాత్రం ఎటూ ఖర్చయిపోయింది. చక్కెర పొంగలికీ దద్ధోజనానికీ గింజ విరిగితే వచ్చిన నష్టం లేదు. అందుచేత 50 టన్నులు భోజనానికి నూక 10 శాతం మించనివి, 10 టన్నులు ప్రసాదాలకు నూక 25 శాతం దాకా ఉండదగినవి అని రెండు అంశాలుగా విడగొట్టి, రెంటికీ విడివిడిగా ధర అడగండి. రకం విషయంలో సాంబ మసూరిగా పిలిచే బీపీటీ 5204తో పాటు నెల్లూరు మసూరిగా పిలిచే ఎన్‌ఎల్‌ఆర్ 34449ను కూడా అంగీకరించండి. పాతకాలపు వరిరకం మొలగొలుకుల పేరు చెబితే మన నెల్లూరు జిల్లాలో నోరూరని వారుండరు గానీ, టెండరులో ఆ పేరు రాస్తే సంచి మీద పేరు వస్తుందే తప్ప లోపల గింజ రాదు.

ఇక అసలు కష్టమైన చోటికి వద్దాం. నీరు నిలిచిన మడిలో గాలి ఆడని మట్టి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. మడిని మధ్య మధ్య ఆరనిస్తే ఆ వాయువు తగ్గుతుంది, నీరూ మిగులుతుంది. చిల్లులు వేసిన గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టడం ఈ పద్ధతి; పూత దశలో మాత్రం నీరు తగ్గనివ్వరు. అయితే బస్తా విప్పి చూస్తే ఇలా పండిన గింజకూ నిలవనీటి గింజకూ తేడా కనిపించదు. కాబట్టి దీన్ని గోడౌను దగ్గర తేల్చలేం, పొలం దగ్గరే తేల్చాలి. అక్కడ ఇంకో చిక్కుంది. మడి నుంచి మడికి నీరు పారే కాలువ కింద ఒక్క రైతు తన మడిని ఆరబెట్టుకోలేడు, పక్కమడి నీరు వచ్చి పడుతుంది. కనుక ఒకే పిల్లకాలువ కింది రైతులు కొందరు కలిసి చేయవలసిన పని ఇది.

భోజనపు బియ్యంలో 20 టన్నులను, సాధారణ ధర మీద కొంత అదనం ఇచ్చే లెక్కన, ఈ పద్ధతికి కేటాయించండి. వంద కిలోల వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన దానికి సుమారు 30 టన్నుల వడ్లు, అంటే మన 850 కిలోల పుట్టి చొప్పున 35 పుట్లు కావాలి. ఎకరానికి 3 పుట్లు పండినా 12 ఎకరాలు చాలు. నూక 10 శాతానికి దించాం కాబట్టి మరో ఎకరం, రెండెకరాలు కలుపుకోండి. ఇక్కడ తేదీ ముఖ్యం: కోతలయ్యాక మార్చిలో టెండరు పిలిస్తే అప్పటికే నీరంతా పారిపోయి ఉంటుంది. సోమశిల జలాశయం నీటి మీద నారుమళ్లు పోసుకునే ముందే, సెప్టెంబరులో, ఈ భాగానికి ఒప్పందం కుదరాలి. షరతు ఇలా రాయవచ్చు (ఇందులో ఈ-క్రాప్ అంటే ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం చేసే ఆన్‌లైన్ నమోదు):

‘సరఫరాదారు ఒకే కాలువ కింద ఉన్న రైతుల సర్వే నంబర్లు, ఈ-క్రాప్ నమోదు వివరాలు నాట్లకు ముందు సమర్పించవలెను. ఆలయ ప్రతినిధి పూతకు ముందు రెండు పర్యాయములు ముందస్తు సమాచారం లేకుండా పొలమునకు వచ్చి గొట్టములలో నీటి మట్టమును నమోదు చేయును. పద్ధతి పాటించలేదని తేలిన పొలపు ధాన్యమునకు సాధారణ ధర మాత్రమే చెల్లించబడును.’

చివరి వాక్యాన్ని గమనించండి. తప్పితే ఒప్పందమే రద్దని రాస్తే ఎవరూ ముందుకు రారు; అదనపు ధర పోతుందంటే పద్ధతి మీద శ్రద్ధ నిలుస్తుంది.

ధర విషయంలో అతి తక్కువ కోట్ చేసినవారికి ఇవ్వాలన్న నియమం ఉన్నా, ఆ ధర నమ్మదగినదో కాదో చూడడం మన బాధ్యతే. 2025–26లో గ్రేడ్-ఏ వడ్లకు కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 2,389. పుట్టికి రూ. 20,306 అవుతుంది. పుట్టి నుంచి 569.5 కిలోల బియ్యం వస్తాయనుకున్నా, కిలో బియ్యంలో వడ్ల ఖరీదే సుమారు రూ. 35.66. తవుడు, ఊక అమ్మితే మర ఖర్చులో కొంత తీరవచ్చు. అంతకన్నా బాగా తక్కువకు ఎవరైనా కోట్ చేస్తే, రైతుకు మద్దతు ధర అందలేదో, కోతల రద్దీలో తేమ పేరుతో పుట్టికి కొన్ని కిలోలు ఎక్కువ తూయించుకున్నారో, అదీ కాకపోతే రేషను బియ్యం దారి మళ్లిందో ఆలోచించాలి. మూడోదాన్ని గోడౌను దగ్గరే పసిగట్టే మార్గం ఉంది. రేషను బియ్యంలో ఇటీవలి ఏళ్లలో 100 గ్రాములకు సుమారు 1 గ్రాము చొప్పున బలవర్ధక గింజలు (ఇనుము, విటమిన్లు చేర్చి తయారుచేసినవి) కలుపుతూ వచ్చారు. బస్తాలోకి గొట్టం గుచ్చి తీసిన 100 గ్రాములను నల్లగుడ్డ మీద పరిచి చూస్తే, మిగతా వాటికన్నా కాస్త మసకగా, అచ్చులో పోసినట్లు ఒకే తీరుగా ఉండే గింజలు కంటబడతాయి. అవి కనిపించినంత మాత్రాన దొంగసరుకని తీర్మానించకండి, బలవర్ధక బియ్యం బయట కూడా అమ్ముతారు. కొనుగోలు బిల్లు చూపమని అడగండి.

చక్కెర సంగతి దీనికన్నా తేలిక. కోవూరు సహకార చక్కెర కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది కనుక మనకు వచ్చేది బయటి సరుకే. సంచి మీద మిల్లు పేరు, సీజను, ఎస్ (చిన్న పలుకు) లేదా ఎం (మధ్యరకం పలుకు) గ్రేడు ముద్ర స్పష్టంగా ఉండాలని రాయండి. చెరకు అందిన 14 రోజుల్లో రైతుకు సొమ్ము చెల్లించాలని, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతున్నది. అందువల్ల ఆ మిల్లుకు చెరకు బకాయిలు లేవని చెరకు కమిషనరు కార్యాలయం ఇచ్చిన పత్రాన్ని ధరల కవరుతో కాక, దానికన్నా ముందు విప్పే సాంకేతిక కవరుతో అడగండి. ధర చూశాక ఆ పత్రం మీద ఎవరికీ పట్టింపు ఉండదు.

సంచుల గురించి ఒక మాట. 1987 జనపనార ప్యాకింగు చట్టం కింద ఆహారధాన్యాలకు గోనెసంచులు వాడాలన్న నిబంధన ఉంది. ఖాళీ సంచులను లెక్కపెట్టి సరఫరాదారుకే తిరిగి ఇచ్చి, వాటి విలువను బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు చేయండి. లేకపోతే అవి వంటశాల వెనుక తడిసి కుళ్లిపోతాయి.

అభ్యాసం: మీ దగ్గరి హాస్టలు గానీ ఆలయం గానీ వెలువరించిన పాత టెండరు ప్రకటన ఒకటి సంపాదించండి. అందులో బియ్యానికి సంబంధించిన ప్రతి షరతు పక్కన పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు జవాబులు పెన్సిలుతో రాసి, జవాబు దొరకని షరతుల్లో ఒకదాన్ని తిరగరాయండి. వచ్చే పాఠంలో సాంకేతిక కవర్లు విప్పే రోజున మొదట ఆ షరతునే చేతిలోకి తీసుకుంటాం.